నిరుద్యోగి ఉద్యోగం

మా ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళ మాఘ శుద్ధ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు సాగుతుంది. ఇంటింటికీ చుట్టాలు దిగుతారు. డిగ్రీ పాసై ఖాళీగా ఉన్న కుర్రవాడికి ఆ పదిహేను రోజులూ ఎలా గడుస్తాయో నాకు బాగా తెలుసు. 1993లో ఆ కుర్రవాణ్ణి నేనే.

"ఏరా అబ్బాయ్, ఏం చేస్తున్నావిప్పుడు?" అని పామర్రు బాబాయి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగాడు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానన్నాను. మర్నాడు అవనిగడ్డ పెద్దమ్మ దిగింది. ఆవిడకీ అదే చెప్పాను. "అంటే ఖాళీయేనన్నమాట" అని ఆవిడ తేల్చేసింది. మూడోరోజుకి ఇంట్లో ఉండటం మానేశాను. పగలు సెంటర్లో టీ బడ్డీ దగ్గర, రాత్రి తిరునాళ్ళలో. టీ బడ్డీ ఆయన నా పేరు ఎప్పుడూ అడగలేదు. ఖాతా పుస్తకంలో నా పేజీకి పైన "డిగ్రీ" అని రాసుకున్నాడు. నా పక్క పేజీ "డిగ్రీ-2". అది నా స్నేహితుడిది, బీయెస్సీ.

ఓ రాత్రి పందిట్లో నాటకం. మైకులో చెబుతున్నారు, కాసేపట్లో పాండవోద్యోగ విజయాలు మొదలవుతాయని. డిగ్రీ-2 నా చెవిలో గొణిగాడు: "పాండవులక్కూడా ఉద్యోగం వచ్చేసిందిరా. మిగిలింది మనమే." ఇద్దరం పగలబడి నవ్వాం. ముందు వరసలో కండువా పెద్దాయన ఒకాయన వెనక్కి తిరిగి, "ఒరే, ఉద్యోగమంటే నౌకరీ కాదురా. ప్రయత్నం. పూనిక. నవ్వకుండా పద్యం వినండి" అని కసిరి మళ్ళీ స్టేజీ వైపు తిరిగాడు. కృష్ణుడు రాగం అందుకున్నాడు. వన్స్‌మోర్‌లు మొదలయ్యాయి. నాకు ఆ తర్వాత ఒక్క పద్యమూ చెవికెక్కలేదు. పెద్దాయన అన్న మాట ఒక్కటే తలలో తిరుగుతూ ఉండిపోయింది.

ఆయన చెప్పింది నిజమే. భారతంలో అయిదో పర్వం ఉద్యోగ పర్వం. అందులో ఎవరికీ కొలువు దొరకదు. సంధి కోసం రాయబారాలు నడుస్తాయి, అయిదూళ్ళిచ్చినా చాలంటారు, అవీ దక్కవు, చివరికి యుద్ధానికి సన్నద్ధమవుతారు. పర్వమంతా ప్రయత్నమే. ఆ కథనే నాటకంగా మలిచి "పాండవోద్యోగం" అని పేరు పెట్టినవాళ్ళు తిరుపతి వేంకట కవులు. ఇద్దరిలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి మా పక్కనే బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేశారు. అంటే ఆ మాటకున్న రెండర్థాలూ ఆయనకు అనుభవమే, పాత అర్థంలో నాటకం రాశారు, కొత్త అర్థంలో జీతం అందుకున్నారు.

ప్రయత్నమనే మాట ఎప్పుడో జారి జీతమనే మాట అయి కూర్చుంది. భాషలో అలాంటివి మామూలే. నాకు గుచ్చుకున్నది దాని వెనకాల పుట్టిన మరో మాట. నిరుద్యోగి. పాత అర్థంలో చూస్తే ప్రయత్నం లేనివాడు, పూనిక లేనివాడు. ఆ ఏడాది నేను చేసినంత ప్రయత్నం నా జన్మలో మళ్ళీ చెయ్యలేదు. ఆ ఏడాదికే నా పేరు నిరుద్యోగి.

ఏం చేశానో చెబుతాను, ఈ తరం పిల్లలకు నమ్మకం కుదరకపోవచ్చు. పొద్దున ఆరింటికి టైపు ఇన్‌స్టిట్యూట్. లోయర్ ముగించి హయ్యర్ మొదలుపెట్టాను. రిబ్బను అరిగిన మిషను మీద పడితే మన తప్పులు మనకే కనపడవు, అదొక సుఖం. తొమ్మిదింటికి లైబ్రరీలో పేపరు, అంటే వెనక పేజీల ప్రకటనలు. ఎవరో ముందే బ్లేడుతో కోసుకుపోయి ఉంటే ఆ కిటికీలోంచి అవతలి పేజీ సినిమా బొమ్మ కనిపించేది. ప్రకటన దొరికిన రోజున పని పెరిగేది. దరఖాస్తు తెల్ల కాగితం మీద వాళ్ళిచ్చిన నమూనా ప్రకారం గళ్ళు గీసి టైపు చెయ్యాలి. సర్టిఫికెట్ల నకళ్ళ మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. అలాంటి సంతకం ఉన్న పశువుల డాక్టరుగారు ఒకాయన మా వీధి చివర ఉండేవారు. పచ్చసిరా పెన్నూ గుండ్రటి స్టాంపూ ఎప్పుడూ బల్లమీదే. గేదె ఈనేటప్పుడు కాచుకుని ఉన్నట్టే మేం కూడా ఆయన కోసం వరండాలో కాచుకునేవాళ్ళం. తర్వాత పోస్టలార్డరు, సొంత చిరునామా రాసిన కవరు, దానికో స్టాంపు, రిజిస్టర్డ్ పోస్టు. అన్నీ కలిపితే ఒక్కో దరఖాస్తుకి మా ఇంట్లో రెండురోజుల కూరగాయల డబ్బు. బందరు వెళ్ళి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకున్నాను, గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకున్నాను. ఆదివారాలు విజయవాడలో పరీక్ష. ఒకటి రెండు సార్లు సికింద్రాబాదుకి జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వెళ్ళాను. స్టేషను నీళ్ళతో మొహం కడుక్కుని, తొమ్మిదిన్నరకి హాల్లో కూర్చుని, నిమిషానికి ఒకటి చొప్పున లెక్కలు చేసి, ఆ రాత్రి రైలుకే తిరిగొచ్చేవాణ్ణి.

ఇదంతా చేసినవాడు ఖాళీగా ఉన్నవాడు. తెలుగులో ఈ విషయం ఎలా మాట్లాడుకుంటామో చూడండి. "ఉద్యోగం వచ్చిందా?" అంటాం. వాన వచ్చినట్టు, జ్వరం వచ్చినట్టు. "దొరికిందా?" అంటాం, పోయిన తాళంచెవి దొరికినట్టు. గట్టివాడైతే "కొట్టాడు" అంటాం, లాటరీ కొట్టినట్టు. పెద్దల చలవైతే "వేయించాడు", "పెట్టించాడు". పోతే "ఊడింది", పన్ను ఊడినట్టు. ఇన్ని మాటలున్నాయి గాని వెతికినవాడి కాళ్ళనొప్పులు చెప్పే మాట ఒక్కటీ లేదు. అది చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క మాటని తీసుకుపోయి ఫలితానికి పేరుగా పెట్టేశాం.

మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో సీజనల్ ఉద్యోగి. ఈ ఊళ్ళో ఆ మాటకి వివరణ అక్కర్లేదు. పొరుగూరి వాళ్ళకోసం చెబుతున్నాను. చెరకు గానుగాడినన్నాళ్ళే పూర్తి పని. చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా మూడు షిఫ్టులు. రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు, ట్రాక్టర్లు బారులు తీరి కాటా కోసం ఎదురు చూస్తూ ఉంటాయి. కటింగ్ ఆర్డరు రాని రైతు తోటలో నిలబడి ఎదురు చూస్తూ ఉంటాడు. ఊరంతా మడ్డి వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు గాని, మాకు ఆ వాసన వస్తేనే పచారీ కొట్టు ఖాతా తీరుతుందని ధైర్యం. తిరునాళ్ళ సరిగ్గా ఆ సీజను నడిమధ్యలో పడుతుంది. చుట్టాలు నన్ను ప్రశ్నలడుగుతుంటే నాన్న బి-షిఫ్టు పేరు చెప్పి తప్పించుకునేవాడు. నాకు ఆ వెసులుబాటు లేదు.

ఆ ఫ్యాక్టరీ కథ నాకు అప్పట్లో చిత్రంగా ఉండేది. 1941లో కేసీపీ పేరుతో దాన్ని నిలబెట్టిన వెలగపూడి రామకృష్ణగారు ఐసీఎస్ అధికారి. బ్రిటిషువాళ్ళ కాలంలో తెలుగువాడికి అంతకు మించిన కొలువు లేదు. దాన్ని వదులుకుని వచ్చి పరిశ్రమల్లో దిగారు. ఒక మనిషి ఉద్యోగం వదులుకున్నందువల్ల ఇన్ని వందల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. ఆయన పేరు మీదే 1977లో కానూరులో ఇంజనీరింగు కాలేజీ వెలిసింది. ఇక నేను చదివిన డిగ్రీ కాలేజీ పేరు ఏజీ అండ్ ఎస్జీ సిద్ధార్థ. ఎస్జీ అంటే షుగర్‌కేన్ గ్రోయర్స్. చెరకు రైతుల పేరు కాలేజీ బోర్డు మీదే ఉంది. తమ పిల్లలు చెరకు నరక్కుండా బతకాలని చెరకు పండించేవాళ్ళు కోరుకున్నారు. మేం ఆ కోరిక ప్రకారమే చదివాం. నరకడమూ రాదు, కొలువూ లేదు. నాగార్జున యూనివర్సిటీ పట్టా చేతికొచ్చిన రోజున నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్రంకుపెట్టె అడుగున, ఇంటి దస్తావేజుల కింద దాచాడు. నాకు వెంటనే జమ్మిచెట్టు గుర్తొచ్చింది.

ఎందుకంటే ఉద్యోగ పర్వానికి ముందున్నది విరాట పర్వం. పాండవులు మొదటిసారి కొలువులకు వెళ్ళింది అక్కడ. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచేసి, పేర్లు మార్చుకుని, ఒక్కొక్కరే విరాటరాజు ఎదుటికి వెళ్ళారు. నన్నడిగితే మన సాహిత్యంలో అంత చక్కటి ఇంటర్వ్యూలు మరెక్కడా లేవు. ధర్మరాజు కంకుభట్టు, జూదంలో నేర్పరినన్నాడు. ఆటలో రాజ్యమే పోగొట్టుకున్నవాడు ఆ నేర్పునే అర్హతగా చూపించుకోవడం చూడండి. భీముడు వలలుడు, వంటవాడు. అర్జునుడు బృహన్నల, నాట్యాచార్యుడు. నకుల సహదేవులు గుర్రాల దగ్గర, ఆవుల దగ్గర. ద్రౌపది సైరంధ్రి. ఇదివరకు ఎక్కడ పనిచేశారంటే ఇంచుమించు అందరిదీ ఒకటే జవాబు. ధర్మరాజుగారి దగ్గరండి! అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ తర్వాత పదేళ్ళకు హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల, చెయ్యని ప్రాజెక్టుల్లో మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు మా ఊరి పిల్లలు బయోడేటాలు రాసుకుంటున్నారని విన్నప్పుడు నాకు వలలుడే కళ్ళ ముందు మెదిలాడు. తేడా ఒక్కటే, వలలుడికి వంట నిజంగా వచ్చు.

నా ఇంటర్వ్యూలో నేను అలా చెప్పలేకపోయాను. విజయవాడలో ఒక ఫైనాన్సు కంపెనీ. పేరెందుకు లెండి, అది ఇప్పుడు లేదు. అనుభవం ఉందా అన్నారు. లేదన్నాను. అనుభవం లేకుండా ఎలా అన్నారు. ఎక్కడైనా చేరితేనే కదండీ వస్తుంది అన్నాను. ఆయన నవ్వి, అయితే అయిదు వేలు డిపాజిట్ కట్టండి, చేర్చుకుంటాం అన్నాడు. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న అన్నం కలుపుతూ, "పని చేసేవాడికి వాళ్ళు డబ్బివ్వాలా, వాళ్ళకి వీడివ్వాలా?" అని ఒక్క మాటన్నాడు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ షట్టరు దింపి ఉంది. ముందు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు గుమిగూడి ఉన్నారు. నేను బస్సులోంచి చూశాను.

బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళం కదా, మా అందరి కళ్ళూ ఆంధ్రా బ్యాంకు మీదే. పట్టాభి సీతారామయ్యగారు వైద్యం మానేసి ప్రజాజీవితంలోకొచ్చి, 1923లో బందరులో పెట్టిన బ్యాంకు అది. అంటే మనది అనుకునేవాళ్ళం. మనది కాబట్టి మనకు రెండు మార్కులు ఎక్కువేస్తారేమో అనేంత అమాయకత్వం ఉండేది. నేను రాతపరీక్ష దాటలేదు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు, ఒక్కరోజైనా అందులో పనిచెయ్యని నాకు ఎందుకో గొంతు పట్టేసింది.

చెప్పించుకోమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. "ఎవరిచేతనైనా చెప్పించరాదూ!" మన సీమలో ఈ వాక్యానికి కర్తా కర్మా అక్కర్లేదు, అందరికీ అర్థమవుతుంది. నాన్న చెప్పించలేదు. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తాగానైనా వేయించమని ఎవరినీ అడగలేదు. అప్పుడు నాకు కోపం. తర్వాత తెలిసింది, అడిగాడట, ఒకే ఒక్కసారి. కాకపోతే నా కోసం కాదు, చెల్లాయి కోసం.

చెల్లాయి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. "ఉద్యోగం పురుష లక్షణం" అని తిరునాళ్ళలో ప్రతి మామయ్యా నా మీద విసిరేవాడు. పాత అర్థంలో అయితే పూనిక మనిషికి గుర్తు అని. కొత్త అర్థంలో అయితే జీతం లేని మగాడు మగాడే కాదని. రెండర్థాల్లోనూ చెల్లాయికి చోటు లేదు. అది నాతో పాటే టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేది, దాన్ని రోడ్డుమీద ఒంటరిగా పంపకూడదని. నేను హయ్యర్ మొదటిసారి తప్పాను. అది పాసైంది. ఇంటరు అవగానే విజయవాడలో ఒక లాయరుగారి ఆఫీసులో టైపిస్టుగా చేరింది. మా ఇంట్లో ఏడాది పొడుగునా నెలజీతం అందుకున్న మొదటి మనిషి అది. నాన్న అడిగాడని చెప్పానే, ఆ లాయరుగారినే. మొదటి జీతంతో నాకు పరీక్ష ఫీజు కట్టింది, చెప్పకుండా, డిమాండ్ డ్రాఫ్టు నా పుస్తకంలో పెట్టి. మామయ్యలు సామెత మార్చలేదు గాని, ఆ ఏడాది నుంచి మా ఇంట్లో దాన్ని వాడటం మానేశారు.

2019లో గ్రామ, వార్డు సచివాలయాల పరీక్షలు జరిగినప్పుడు చెల్లాయి కూతురు కూడా రాసింది. లక్షా ఇరవై ఆరు వేల పైచిలుకు పోస్టులు, ఇరవై లక్షలు దాటిన దరఖాస్తులు. సెప్టెంబరు మొదటి వారంలో పరీక్షలకు వెళ్ళే పిల్లలతో బస్సులు కిటకిటలాడాయి. అందులో సగం ఆడపిల్లలే అనిపించింది నాకు. సామెతని అంతకంటే బాగా సవరించినవాళ్ళు లేరు.

నా మొదటి కొలువు విజయవాడ వన్‌టౌన్‌లో, ఓ హోల్‌సేల్ కొట్టులో పద్దులు రాయడం. ప్రకటన చూసి కాదు, పరీక్ష రాసీ కాదు. బస్సులో పక్కసీటాయన మాటల్లో మాటగా గుమాస్తా కావాలన్నాడు. రెండేళ్ళ నా దరఖాస్తులకు, ఆ సీటుకూ సంబంధం లేదు. ఉద్యోగం వస్తుంది అన్న మాటలో అంతో ఇంతో నిజముందని ఒప్పుకోవాలి. జీతం తొమ్మిది వందలు. పాసు తీసుకుని పొద్దున ఏడింటి బందరు-విజయవాడ బస్సెక్కడం, రాత్రి తొమ్మిదికి దిగడం. కంకిపాడు దాటేటప్పటికి నిద్ర, పటమట దగ్గర మెలకువ. మూడు నెలలు తిరిగేసరికి గమనించాను, నేను లైబ్రరీకి వెళ్ళడం మానేశాను, పేపరు తెరవడం మానేశాను, టైపు మరిచిపోయాను. ఉద్యోగం వచ్చింది, ఉద్యోగం ఆగిపోయింది. ఈ వాక్యం పాత అర్థమూ కొత్త అర్థమూ కలిపి చదువుకోవాలి.

మొదటి కొలువే మనిషి చిరునామా అయిపోతుందని అప్పుడు భయం. మా దగ్గరే మొవ్వ పక్కన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు రైల్వే గార్డుగా చేశారు, బళ్ళారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరుగా చేశారు, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల నాడు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చినప్పుడు, మీరు మొదట ఏ ఉద్యోగం చేశారని ఎవరూ అడిగి ఉండరు. ఈ సంగతి నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే కొన్ని రాత్రులు నిద్రపట్టేది. చెప్పేవాళ్ళు లేక కాదు, అందరూ వచ్చిందా అని అడగడంలోనే ఉన్నారు.

ఇప్పుడు మా ఎదురింటి కుర్రాడు బీటెక్ అయ్యాడు. వాడిది మరో రకం చిక్కు. ఉద్యోగం వచ్చింది, కాని రాలేదు. క్యాంపస్‌లో ఆఫర్ లెటరు ఇచ్చారు, చేరే తేదీ ఇవ్వలేదు. ఏడాది దాటింది. రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటాడు. మధ్యలో ఏవో కోర్సులు, రాత్రిళ్ళు ఆన్‌లైన్ పరీక్షలు, తెల్లవారుజామున అరుగు మీద ఫోను వెలుగులో లెక్కలు. వాళ్ళమ్మ మాత్రం అడిగినవాళ్ళకల్లా "ఇంట్లోనే ఉన్నాడండీ, ఖాళీగా" అంటోంది. పోయిన తిరునాళ్ళలో వాడు తొమ్మిదింటికే చొక్కా వేసుకుని బయటికి పోవడం చూశాను. ఎక్కడికో నాకు తెలుసు. టీ బడ్డీ స్థలంలో ఇప్పుడు కాఫీ షాపుంది. ఖాతా లేదు, ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టాలి.

వచ్చే మాఘమాసంలో మీరు ఉయ్యూరు వస్తే, సెంటర్లో వాడు కనిపిస్తే, ఉద్యోగం వచ్చిందా అని మాత్రం అడక్కండి. ఏం చదువుతున్నావు, నిన్న ఏ పరీక్ష రాశావు, ఎలా రాశావు అని అడగండి. గంటసేపు చెబుతాడు. కాఫీ తాగించండి. వాడు డబ్బులిస్తానని ఫోను తీస్తే, వద్దనకండి.